తిరగేసిన చెయ్యి

వీధిలో అందరూ షాకింజనీరని పిలిచే కరెంటు ఇంజనీరు ఈ లోకంలో ఏ వస్తువునూ నేరుగా అరచేత్తో పట్టుకోడు. ముందు కుడిచెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకవైపుతో ఒకసారి అలా తాకుతాడు. ఆ తాకేటప్పుడు ఎడంచెయ్యి తప్పనిసరిగా జేబులో ఉంటుంది. ఒక్క క్షణం ఆగి, ఏమీ కాలేదని నమ్మకం కుదిరాక అప్పుడు పట్టుకుంటాడు. తలుపు గొళ్ళెం కానివ్వండి, గొడుగు కానివ్వండి, పుచ్చకాయ కానివ్వండి, ఎవరో మురిపెంగా ఒళ్ళో పెట్టబోయిన చంటిపిల్ల కానివ్వండి, ఆయనకు అన్నీ ఒకటే. ఈ ప్రపంచాన్ని ఎవరు తయారుచేశారో గానీ తీగలు మాత్రం సరిగ్గా బిగించలేదని ఆయన గట్టి అనుమానం.

దీని వెనక శాస్త్రం లేకపోలేదు. కరెంటు తగిలితే వేళ్ళు ముడుచుకుపోతాయి. అరచేత్తో పట్టుకున్నవాడు ఇక వదలమన్నా వదల్లేడు. అదే వెనకవైపుతో తాకితే చెయ్యి దానంతటదే విదిలించుకుని ఇవతలికి వచ్చేస్తుంది. రెండో చెయ్యి ఎక్కడా ఆనకుండా జేబులో ఉంటే కరెంటు గుండె మీదుగా దారి చేసుకోదు. కరెంటు పనిచేసే వాళ్ళందరికీ తెలిసిన జాగ్రత్తే ఇది. కాకపోతే వాళ్ళు సాయంత్రం పని దిగగానే మామూలు మనుషులైపోతారు. ఈయన కాలేదు.

ఈ సంగతి ఆయన భార్యకు పెళ్ళినాడే తెలిసింది. వీధిలో అందరూ ఆవిణ్ణి ఇంజనీరమ్మ అంటారు. పెళ్ళిలో అందరూ చూస్తుండగా పెళ్ళికూతురి చెయ్యి పట్టుకోమన్నారు. పెళ్ళికొడుకు ఎడంచెయ్యి మెల్లగా కోటు జేబులోకి దూరింది. కుడిచెయ్యి తిరగబడింది. వేళ్ళ వెనకవైపుతో ఆవిడ వేళ్ళను అలా తాకి ఇలా తీసేశాడు. పెళ్ళివారు ముక్కున వేలేసుకున్నారు. "అబ్బాయికి అమ్మాయి నచ్చినట్టు లేదే!" అని ఒక పిన్ని పైకే అనేసింది.

పెళ్ళికూతురు తల ఎత్తకుండా, "ఏమైంది?" అని గొణిగింది.

"ఏం కాలేదు. ఇప్పుడు పట్టుకోవచ్చు," అన్నాడాయన ఎంతో తృప్తిగా.

మొగుడు తనతో మాట్లాడిన మొదటి మాట అదేనని ఇంజనీరమ్మ ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతుంది. ఫిర్యాదులాగే మొదలుపెడుతుంది గానీ, చివరికొచ్చేసరికి మొహం నిండా నవ్వే ఉంటుంది.

వీధి చివరి దర్జీకి మాత్రం నవ్వులాట కాదు. "అమ్మా, అయ్యగారి ప్యాంట్లకి ఎడం జేబు గోనెగుడ్డతో కుట్టెయ్యనా?" అని అడిగాడొకసారి. "ప్యాంటు కొత్తగా నిగనిగలాడుతుంటే జేబు చిరుగుపట్టి నా దగ్గరికి వస్తోంది. చూసేవాళ్ళు నా కుట్టుపనే బాగోలేదనుకుంటున్నారమ్మా."

ఇంతకీ షాకింజనీరు ఆషామాషీ మనిషి కాడు. ఒకప్పుడు మిల్లుల్లో మోటార్లు వేడెక్కి, పొగలు కక్కి, కాలిపోయి కూచునేవి. కాలకముందే మోటారు తనంతట తానే ఆగిపోయే మీటను కనిపెట్టింది ఈయనే. కరెంటు కంపెనీ పెద్దాయన సంతోషం పట్టలేక సభ పెట్టించి, వేదిక మీదికి పిలిచి, కరచాలనానికి చెయ్యి చాపాడు. షాకింజనీరు తన చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకవైపు ఆయన ముందుకు తెచ్చాడు.

పెద్దాయన గతుక్కుమన్నాడు. పక్కనున్న మేనేజరు చెవిలో, "ఇదేమిటయ్యా, ముద్దు పెట్టుకోమంటున్నాడా?" అని అడిగాడు.

"ఏమోనండి. గొప్పవాళ్ళ సంగతి మనకేం తెలుస్తుంది? పెట్టేస్తే ఒక పనైపోతుంది," అన్నాడు మేనేజరు.

పెద్దాయన పాపం సగం వంగాడు కూడా. ఈలోగా షాకింజనీరు ఆయన చేతిని తాకి చూసి, "పర్లేదండీ, మీలో కరెంటు లేదు," అని గట్టిగా చెయ్యి కలిపి ఊపేశాడు. కంపెనీలో చాలామంది చాలాకాలంగా అనుకుంటున్నదాన్ని వేదికెక్కి చెప్పిన మొనగాడని ఆ రోజునుంచీ ఆయనకు కింది ఉద్యోగుల్లో మహా గౌరవం.

బయట ఎంత గౌరవమైతేనేం, ఇంట్లో ఆయన పప్పులు ఉడికేవి కావు. ఇంట్లో అత్తగారుంది.

ఇంజనీరమ్మ తల్లి, తన భర్త పోయాక కూతురింటికి వచ్చేసింది. వస్తూ వస్తూ ఒక ట్రంకుపెట్టె, ఒక టేబుల్ ఫ్యాను తెచ్చుకుంది. ట్రంకుపెట్టె మోయడానికి ఒక మనిషి చాలాడు గానీ ఫ్యానుకు ఇద్దరు కావలసివచ్చారు. అది ఆకుపచ్చ రంగు పోయి అక్కడక్కడా ఇనుము బయటపడ్డ పాత ఫ్యాను. తిరిగేటప్పుడు పిండిమరలా చప్పుడు చేసేది. అత్తగారి భర్త బతికున్నన్నాళ్ళూ మోటార్లకు రాగితీగ కాయిళ్ళు చుట్టే పనిచేశాడు. పెళ్ళైన కొత్తలో పెళ్ళాం ఉక్కపోతకు పడుకోలేకపోతోందని పాత ఇనప సామాన్లలో ఈ ఫ్యాను ఏరుకొచ్చి, లోపలి కాయిలు తన చేత్తో చుట్టి, తిరిగేలా చేసి ఇచ్చాడు. ఆ గాలి తగిలితే తప్ప ఆవిడకు కన్ను మూతపడదు.

కూతురింట్లో అడుగుపెట్టిన రోజే ఆవిడ హెచ్చరించింది. "అల్లుడుగారూ, మీరు గొప్పవారే. కాదన్ను. కానీ మీ చేతిలో పడ్డ గోడగడియారం ఇప్పటికీ మూడు పళ్ళేల్లో ఉంది. నా ఫ్యాను జోలికి మాత్రం రావద్దు. ఇది ఆయన చుట్టిన కాయిలు. దీనిమీద ఇంకొకళ్ళ స్క్రూడ్రైవరు పడితే నామీద పడ్డట్టే."

"పడదత్తయ్యా," అన్నాడు అల్లుడు. అని, తిరగేసిన చేత్తో ఫ్యాను తాకి చూశాడు. చురుక్కుమందో ఏమో, చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆయన ఏది తాకినా ఎవరూ పట్టించుకోవడం మానేసి చాలాకాలమైంది.

ఆ మర్నాటినుంచీ ఇద్దరికీ పొద్దున్నే పేచీ. అత్తగారికి రోజూ తలస్నానం కావాలి. అయ్యాక తడిజుట్టుతో ఫ్యాను ముందు కూచుని, దాని ఇనప చట్రం పట్టుకుని తనవైపు తిప్పుకుని, జుట్టు ఆరబెట్టుకోవాలి. ఆవిడ స్నానాల గది తలుపు తీసేసరికి అల్లుడు ఎక్కణ్ణించో ఊడిపడి, ఆవిడకంటే ముందు ఫ్యానును తాకేవాడు.

"ఏమిటల్లుడుగారూ, రోజూ నా ఫ్యానుకి దణ్ణం పెడతారు?"

"ఊరికే అత్తయ్యా."

"నేనేమైనా విరగ్గొట్టానేమోనని చూస్తున్నారా?"

"అయ్యో, లేదత్తయ్యా."

ఎండ కాసే రోజుల్లో గొడవ అక్కడితో ఆగేది. వానా ముసురూ పట్టిన రోజుల్లో అల్లుడు ఫ్యానును తాకి, చెయ్యి విదిలించి, కొత్త పాట ఎత్తుకునేవాడు. "అత్తయ్యా, ఇవాళ జుట్టు ఎండలో ఆరబెట్టుకోండి. ఒంటికి మంచిది."

"ఎండా? ఎక్కడుందీ? మీ ఎడం జేబులో ఉందా?"

"పోనీ రేపట్నుంచి ముసురు రోజుల్లో తలస్నానం మానేస్తే?"

అత్తగారు ఒంటికాలిమీద లేచేది. అల్లుడిని ఏమీ అనలేక కూతురి మీద పడేది. "ఏమే అమ్మాయ్, నాలుగు చెంబుల వేణ్ణీళ్ళకి ఎంత కరెంటు కాలుతుందే? కరెంటు కంపెనీలో పనిచేస్తూ కూడా ఇంత పిసినారితనమా?" ఇంజనీరమ్మకు తల్లికి సర్దిచెప్పాలో, మొగుణ్ణి నిలదీయాలో తోచేది కాదు. ఇద్దరికీ చెరో కప్పు కాఫీ ఇచ్చేది. మొగుడు ఆ కప్పును కూడా చెయ్యి తిరగేసి తాకి చూసేవాడు. "చూశావా, చూశావా! కాఫీలో కూడా కరెంటు కలిపామనుకుంటున్నాడు!" అని అత్తగారు మళ్ళీ అందుకునేది. ఈ గొడవ తెమిలేసరికి జుట్టు దానంతటదే ఆరిపోయేది.

అలా ఉండగా మిల్లుల పనిమీద కంపెనీ ఆయన్ను ఊళ్ళు తిప్పడం మొదలుపెట్టింది. ప్రయాణమంటే ఆయనకు ప్రాణం మీదికొచ్చినట్టుండేది. పెట్టె సర్దుకున్నాక కూడా గుమ్మం దగ్గరే నిలబడి ఆకాశం వంక చూసేవాడు. "వాన పడేలా ఉందంటావా?" అని పెళ్ళాన్ని అడిగేవాడు. "మీరు రైల్లో కదా వెళ్ళేది, వానైతే ఏం?" అనేది ఆవిడ. ఆయన ఇంట్లోకి తిరిగొచ్చి, ఫ్యానును ఒకసారి తాకి, ఉసూరుమంటూ వెళ్ళేవాడు.

ఆ దిగులుకు మందు వంటింట్లోంచి దొరికింది. ఇంజనీరమ్మకు ఒక గొప్ప శక్తి ఉంది. ఇరుగుపొరుగుకు ఇచ్చిన గిన్నెల్లో ఏది తిరిగి రాలేదో అల్మరా తెరవకుండానే చెప్పగలదు. ఒకరోజు పొద్దున మొగుడు అద్దం ముందు సగం గడ్డం గీసుకుని ఉండగా వంటింట్లోంచి గొంతు లేచింది.

"వెళ్ళినవన్నీ తిరిగి రాలేదు. మధ్యలో ఎక్కడో ఒకటి ఆగిపోయింది!"

షాకింజనీరు కత్తి గాల్లో ఆగింది. "ఏమన్నావ్?"

"గిన్నె సంగతండీ. మీక్కాదు."

"కాదు, కాదు. రాకపోతే ఏం చేస్తావ్?"

"ఏం చేస్తాను? వచ్చేదాకా ఇంకో గిన్నె గడప దాటనివ్వను."

"అదే! అంతే! నీ కడుపు చల్లగుండ!" అని అరిచి, సగం గడ్డంతో, భుజం మీద తువ్వాలుతో పెరటి గదిలోకి పరిగెత్తాడు. అక్కడే ఆయన పనిముట్లన్నీ ఉంటాయి. తలుపు గొళ్ళాన్ని మాత్రం అంత తొందరలోనూ ముందు తాకి చూశాకే తీశాడు.

ఆయన పట్టుకున్న కిటుకు ఇది. ఇంట్లోకి వెళ్ళిన కరెంటంతా అంతకంతా తిరిగి బయటికి రావాలి. కాస్త తగ్గిందంటే మధ్యలో ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతోందన్నమాట. ఆ కాస్త తేడాను పసిగట్టి, రెప్పపాటులో ఇంటి కరెంటంతా ఆపేసే పెట్టె ఒకటి తయారుచేయాలి. వినడానికి తేలిక. చేయడానికి ఆయన జుట్టు సగం ఊడింది. మొదట చేసిన పెట్టె పక్కింటాయన తుమ్మినా ఆగేది. తరవాత చేసింది ఏం జరిగినా ఆగేది కాదు, చివరికి నిప్పంటుకున్నా ఆగలేదు. పెరటి గదికి ఒకవైపు కప్పు మళ్ళీ వేయించారు. పట్టు వదలకుండా చేయగా చేయగా ఒక పెట్టె కుదిరింది. దాన్ని హాల్లో గోడకు బిగించాడు. అది మేలుకుని ఉందనడానికి గుర్తుగా పైన చిన్న ఎర్ర దీపం వెలుగుతూ ఉండేది.

ఆ దీపం వెలిగిన రోజునుంచీ ఇంట్లో మిగతా దీపాలు ఆరిపోవడం మొదలైంది. ఇంజనీరమ్మ ఇస్త్రీ చేస్తుండగా టక్. రేడియోలో వార్తలు వస్తుండగా టక్. ముఖ్యంగా పొద్దున్నపూట, అందులోనూ ముసురు పడితే ఇక చెప్పనే అక్కర్లేదు. అత్తగారు దానికి చీకటిపెట్టె అని పేరు పెట్టింది. "జుట్టు ఆరబెట్టుకుందామని ఇలా ఫ్యాను పట్టుకుంటానో లేదో, మీ ఆయన పెట్టె టక్కుమంటుందే! దానికీ నాకూ ఏ జన్మ పగో!" అని కూతురి దగ్గర వాపోయేది. ఇంజనీరమ్మ నవ్వి ఊరుకునేది.

ఇంజనీరమ్మ తమ్ముడికి బజార్లో కరెంటు సామాన్ల కొట్టుంది. ఫ్యూజు పోయిందని ఎవరొచ్చినా సన్న తీగ బదులు వేలిలావు తీగ ఇచ్చి, "ఇక జన్మలో పోదు పొండి," అని దీవించి పంపే రకం. బావ కనిపెట్టిన పెట్టెను చూసి వాడికి నవ్వాగలేదు.

"బావా, లోకంలో అందరూ దీపం వెలిగించడానికి ఏదో ఒకటి కనిపెడతారు. ఆర్పడానికి కనిపెట్టినవాడివి నువ్వొక్కడివే!"

"వెలిగించడం ఎవరైనా చేస్తారోయ్. సమయానికి ఆర్పడమే కష్టం," అన్నాడు షాకింజనీరు.

కంపెనీలోనూ ఇదే వేళాకోళం. మిల్లుకు పనికొచ్చే మీటలు చేయమంటే ఇళ్ళలో చీకటి చేసే పెట్టెలు చేస్తున్నాడని మేనేజరు పెద్దాయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరుపెట్టాడు. పెద్దాయన విసుగెత్తి ఒక మాట తేల్చేశాడు. "ఆయన ఇంటికే వెళ్ళి చూద్దాం. బాగుంటే ఇంటింటికీ పెట్టిద్దాం. ఊరికే ఆగిపోయేదైతే ఆ పని మాన్పించి, మీటర్లు పరీక్షచేసే షెడ్డుకి పంపేద్దాం."

ఆ మాట విన్నప్పటినుంచీ షాకింజనీరు మనిషి మనిషిగా లేడు. అద్దం ముందు నిలబడి, "అయ్యా, ఇది ఊరికే ఆగదండీ, కారణం ఉంటేనే ఆగుతుందండీ," అని తనకు తానే చెప్పుకునేవాడు. చెప్పి, అద్దాన్ని వేళ్ళ వెనకవైపుతో ఓసారి తాకేవాడు. తలుపు చాటునుంచి ఇంజనీరమ్మ ఇదంతా చూస్తూ ఉండేది. ఆయన బుర్రంతా, ఊడిన జుట్టుతో సహా, ఆ పెట్టెలోనే ఉంది. పెద్దాయన ముందు అది టక్కుమంటే? ఈ మనిషిని తీసుకెళ్ళి మీటర్ల షెడ్డులో కూచోబెడితే బతుకుతాడా?

ఆవిడ తమ్ముణ్ణి పిలిపించింది. "ఒరే, ఆ ఒక్క పూట కరెంటు పోకుండా చెయ్యగలవా?"

"నాకు చేతనైన విద్యే అది కదక్కా!" అన్నాడు వాడు ఛాతీ విరుచుకుని.

అనుకున్న రోజు వచ్చింది. తెల్లారినప్పటినుంచీ ఒకటే ముసురు. షాకింజనీరు గొడుగు తాకి, పట్టుకుని, పెద్దాయన్ను తీసుకురావడానికి వెళ్ళాడు. ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, బావమరిది మెయిన్ ఆపి, పెట్టెకు వచ్చే తీగలు విప్పేసి, కరెంటు పెట్టెలోకి వెళ్ళకుండా బయటినుంచి బయటికే లావుపాటి తీగతో కలిపేసి, మళ్ళీ మెయిన్ వేశాడు. చూసేవాళ్ళకు తెలియకుండా ఆ తీగమీదికి క్యాలెండరు జరిపాడు. "ఇప్పుడు పిడుగు పడ్డా పోదు," అన్నాడు. ఇంజనీరమ్మ హమ్మయ్య అనుకుని కాఫీకి నీళ్ళు పెట్టింది.

పెద్దాయనా మేనేజరూ వచ్చి కూచున్నారు. ఇంజనీరమ్మ ఇంట్లో ఉన్న దీపాలన్నీ వేసింది. రేడియో పెట్టింది. ఇస్త్రీపెట్టె తగిలించింది. అన్నీ వెలుగుతున్నాయి, అన్నీ మోగుతున్నాయి. ఒక్కటీ ఆగడం లేదు.

"పోవట్లేదే!" అన్నాడు పెద్దాయన సంతోషంగా.

"పోవాల్సిన అవసరం లేకపోతే పోదండీ!" అన్నాడు షాకింజనీరు. మొహం వెలిగిపోతోంది. మేనేజరు మొహం మాడిపోయింది. తలుపు దగ్గర బావమరిది అక్కకేసి చూసి కన్ను గీటాడు.

అప్పుడు లోపల స్నానాల గది తలుపు చప్పుడైంది.

"ఎవరది?" అన్నాడు షాకింజనీరు.

"అమ్మండీ. పెద్దమనుషులొస్తుంటే అట్లకాడలా కనబడతానా అని తలస్నానం చేసింది."

"ఈ ముసుర్లోనా? ఫ్యాను దగ్గరికేనా వెళ్ళేది?"

"మరెక్కడికి వెళ్తుందీ?"

షాకింజనీరు సర్దుకుని కూచున్నాడు. పెట్టె ఉంది కదా అనుకుంటూ అలవాటుగా గోడకేసి చూశాడు. ఎర్ర దీపం వెలగడం లేదు. ఇల్లంతా దీపాలు వెలుగుతున్నాయి, ఆ ఒక్కటే చచ్చి ఊరుకుంది.

"అత్తయ్యా! ముట్టుకోకండి!"

అని ఒక్క కేక పెట్టి లేచాడు. కుర్చీ తలకిందులైంది. కాలి చెప్పు ఒకటి రేడియో మీదా, రెండోది బావమరిది పొట్టమీదా పడ్డాయి. పక్కగదిలో అత్తగారు తడిజుట్టుతో, తడిచేతులతో, తడినేల మీద నిలబడి ఫ్యాను చట్రం పట్టుకోవడానికి చెయ్యి చాపుతోంది. ఈ కేకకు ఉలిక్కిపడి ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణంలో అల్లుడు ఆవిడకూ ఫ్యానుకూ మధ్యన దూరాడు. ఆవిడ చెయ్యి తగలబోయినచోట తన చెయ్యి తిరగేసి పెట్టాడు. అంత పరుగులోనూ ఎడంచెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.

ఫెళ్ళుమంది. షాకింజనీరు వెనక్కి ఎగిరి, ఏం జరుగుతోందో చూద్దామని వెనకే వచ్చిన పెద్దాయన మీద పడ్డాడు. పెద్దాయన మేనేజరు మీద పడ్డాడు. మేనేజరు కాఫీ పళ్ళెం మీద పడ్డాడు. బావమరిది ఒక్క గెంతులో వెళ్ళి మెయిన్ ఆపేశాడు. జన్మలో మొదటిసారి వాడు ఒక ఇంటికి కరెంటు తీశాడు.

"ఏమండీ!" అని ఇంజనీరమ్మ పరిగెత్తుకొచ్చి మొగుడి తల ఒళ్ళో పెట్టుకుంది. ఆయన కళ్ళు తెరిచి, ముందు అత్తగారికేసి చూశాడు. "ముట్టుకున్నారా?"

"లేదు నాయనా," అంది అత్తగారు. అల్లుణ్ణి 'నాయనా' అనడం అదే మొదలు.

"చెయ్యి కొంచెం తిమ్మిరెక్కింది, అంతే," అని ఆయన లేచి కూచున్నాడు. నేరుగా హాల్లోకి వెళ్ళి క్యాలెండరు పక్కకు తీశాడు. ఇంజనీరమ్మ ఆయన వెనకే వచ్చింది.

"నేనేనండీ చేయించింది. పెద్దాయన ముందు మీకు తలవంపులొస్తాయని..." ఆవిడకు ఏడుపొచ్చేసింది.

షాకింజనీరు ఆ తీగను చెయ్యి తిరగేసి తాకి చూశాడు. తిడతాడేమోనని బావమరిది గోడకు అతుక్కుపోయాడు. "ముడి మాత్రం గట్టిగా వేశావోయ్," అన్నాడాయన చివరికి. తీగ పీకేసి, పెట్టెను మళ్ళీ కలిపి, మెయిన్ వేశాడు. ఎర్ర దీపం వెలిగింది. ఫ్యాను దగ్గరికి వెళ్ళి, చెయ్యి తడిచేసుకుని, తిరగేసి తాకాడు.

టక్.

ఇల్లంతా చీకటైపోయింది. షాకింజనీరు ఎక్కడ నిలబడ్డవాడు అక్కడే నిలబడి ఉన్నాడు. ఒంటికి తగిలిన దెబ్బలను తడుముకుంటున్న పెద్దాయన నోరు వెళ్ళబెట్టాడు. "ఇందాక ఎగిరి నామీద పడ్డారు. ఇప్పుడు కదలనైనా లేదే?"

"ఎగిరే టైమివ్వదండీ ఇది."

"ఏదీ, నన్ను తాకనివ్వండి!"

"ముందు ఎడంచెయ్యి జేబులో పెట్టుకోండి."

షాకింజనీరు పెట్టెను మళ్ళీ వేశాడు. పెద్దాయన బుద్ధిగా ఎడంచెయ్యి జేబులో పెట్టుకున్నాడు, కుడిచెయ్యి తిరగేసి ఫ్యానును తాకాడు. టక్. పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. మేనేజరును కూడా తాకమన్నాడు. ఆయన చొక్కాకంతా కాఫీ అయిందని తప్పించుకున్నాడు. ఇక పెద్దాయనకు ఒక్కటే అర్థం కాలేదు. "ఇంత ప్రమాదమైన ఫ్యాను ఇంట్లో ఎందుకండీ? దీన్ని బయట పారేస్తే సరిపోయేదానికి ఇన్నాళ్ళు తంటాలుపడి పెట్టె కనిపెట్టారా?"

షాకింజనీరు మొహమాటంగా నసిగాడు. "అది పారేసేది కాదండీ. మా మామగారు చుట్టిన కాయిలు. విప్పనని అత్తయ్యకి మాటిచ్చాను."

"మరి నాతో ఒక్క ముక్క చెప్పొచ్చు కదా!" అంది అత్తగారు.

"చెబితే మీరే దాన్ని అటకెక్కించేస్తారత్తయ్యా. ఆ గాలి లేకపోతే మీకు నిద్రపట్టదు. ఊళ్ళో ఉన్నంతకాలం పొద్దున్నే నేనే తాకి చూసేవాణ్ణి. ఊళ్ళు తిరగాల్సివచ్చాక... నేను లేనప్పుడు నా చెయ్యొకటి ఇంట్లో ఉండాలి కదా. అందుకని అది చేశాను."

ఇంజనీరమ్మకు ముసురు పొద్దులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఎండలో ఆరబెట్టుకోమన్న మాటలు, గుమ్మంలో నిలబడి ఆకాశం చూడటాలు గుర్తొచ్చాయి. పెళ్ళినాడు తన వేళ్ళను తాకి, ఇప్పుడు పట్టుకోవచ్చు అన్న మనిషి అన్నేళ్ళుగా ఏం చూస్తున్నాడో అప్పటికి తెలిసింది. తనకు దొరికిన మొగుడిలాంటి మొగుడు ఇంకెవరికీ దొరకలేదని ఆవిడకు ఆ క్షణాన గట్టిగా అనిపించింది.

అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుని, గొంతు సవరించుకుంది. "అయితే వేణ్ణీళ్ళ ఖర్చు గురించి కాదన్నమాట."

"కాదత్తయ్యా."

"సరే. విప్పండి. మీ మామగారుంటే ఆయనే మీ చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చుండేవారు. గోడగడియారంలా పళ్ళేల్లో మాత్రం పెట్టకండి."

షాకింజనీరు విప్పాడు. మామగారి చుట్లలో ఒక్కటి కూడా కదల్చకుండా, చివికిపోయి, ముసురు తేమకు కరెంటును బయటికి వదిలేస్తున్న పైగుడ్డ తీసేసి కొత్తది చుట్టి, వార్నీషు పూసి, మళ్ళీ బిగించాడు. ఫ్యాను పిండిమర చప్పుడు మాత్రం అలాగే ఉంచాడు. అది పోతే అత్తగారికి నిద్రపట్టదని ఆయన భయం.

కంపెనీ ఇంటింటికీ ఆ పెట్టెలు పెట్టించింది. వీధిలో ఎవరింట్లోనైనా టక్కుమంటే జనం ముందు షాకింజనీరును నాలుగు తిట్టి, తరవాత ఏది షాకు కొడుతోందో వెతుక్కుంటారు. అత్తగారి చెవిన ఆ తిట్లు పడ్డాయా, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. గుమ్మంలోకి వచ్చి, "పోయింది మీ దీపమమ్మా, మీరు కాదు! సంతోషించండి!" అని దులిపేస్తుంది. చీకటిపెట్టె అని ఎవరన్నా అంటే ఆవిడ ఊరుకోదు. ఆ పేరు పెట్టిందెవరో ఆవిడకు గుర్తులేదట. బావమరిది కొట్లో లావు తీగ అమ్మడం మానేశాడు. పెద్దాయన మాత్రం ఇప్పుడు ఎవరు కరచాలనానికొచ్చినా ముందు తన చెయ్యే తిరగేస్తున్నాడు. వచ్చినవాళ్ళు ముద్దుపెట్టాలేమోనని కంగారుపడుతున్నారు.

షాకింజనీరు అలవాటు మాత్రం అణుమాత్రం మారలేదు. మొన్న ముసురు పట్టిన పొద్దున అత్తగారు తానే కాఫీ కలిపి తెచ్చింది. అల్లుడి ఎడంచెయ్యి జేబులోకి దూరుతోంది, కుడిచెయ్యి తిరగబడుతోంది. ఆవిడ కప్పును వెనక్కి లాక్కుంది.

"ఉండు నాయనా."

తన చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకవైపుతో కప్పును తాకింది. ఆయనలాగే ఒక్క క్షణం ఆగింది.

"ఏం లేదు. ఇక తాగు," అంది.